పందొమ్మిదేళ్ళ కొలతలు

కళ్ళజోళ్ళ షాపు యజమాని మా ఆయనకిచ్చిన గడువు ఆ ఆదివారం సాయంత్రంతో తీరిపోతుంది. ఇరవై రెండేళ్ళుగా వెనక గదిలో కూచుని అద్దాలు అరగదీసే మనిషిని షాపు ముందు గదిలోకి రమ్మన్నారు. వచ్చినవాళ్ళతో మాట్లాడాలి, ముఖం చూసి ఫ్రేము చూపించాలి, షాపు మంచిచెడ్డలు చూసుకోవాలి. రానంటే బయటినుంచి ఇంకొకరిని తెచ్చుకుంటారు. ఇక ఆ వచ్చినవాడి చేతికింద మా ఆయన ఎప్పటికీ వెనక గదిలోనే. వారం రోజులు ఆలోచించి, "నాలాంటివాడు అద్దాల మధ్య నిలబడితే వచ్చిన బేరం కూడా వెనక్కి పోతుంది" అని తేల్చుకుని, కాదని చెప్పి రావడానికి పొద్దున్నే తయారవుతున్నారు. పై అంతస్తులో ఉండే మా బావగారు కూడా అదే సరైనదన్నారు. ఆ షాపు యజమాని బావగారికి చిన్ననాటి స్నేహితుడు, తమ్ముడికి ఆ ఉద్యోగం ఇప్పించిందీ బావగారే. కాబట్టి మా ఇంట్లో ఆ విషయం మీద ఆయన మాటకు తిరుగులేదు. నేనొక్కర్తినే ఒప్పుకోలేదు.

ఆ ఒప్పుకోకపోవడం ఒక గుండీ దగ్గర బయటపడింది.

మా ఆయన తల దువ్వుకునేటప్పుడు అద్దంలో చూసుకోరు. గోడమీది క్యాలెండరు చూస్తారు. నేను వెనక నిలబడి, "పై గుండీ తియ్యండి," అన్నాను.

"ఎందుకు?"

"పార్సిలు కట్టినట్టుంది."

"ఇన్నాళ్ళూ లేదా ఈ పార్సిలు?"

"ఇన్నాళ్ళూ ఉంది. ఇవాళ చెప్తున్నాను."

"నేను వెళ్ళేది కాదని చెప్పడానికి. ఆ మాటకి గుండీ పెట్టుకుంటే ఏం, తీస్తే ఏం?"

"ఏం లేనప్పుడు తియ్యొచ్చుగా."

"ఏం లేనప్పుడు ఉంచొచ్చుగా."

మా అమ్మాయి కాలేజీ పుస్తకంలోంచి తల ఎత్తకుండానే తీర్పు చెప్పింది. "నాన్నా, మెడ దాకా గుండీ పెట్టుకునేది ఇద్దరే. ఒకటో క్లాసు పిల్లలు, నువ్వూను."

"నువ్వు చదువుకో."

"చదువుకుంటూనే చెప్తున్నా."

నాలుగు చిల్లుల గుండీ అది, పిల్ల గోరంత ఉంటుంది. దానిమీద పది నిమిషాలు నడిచింది మా యుద్ధం. అది మంచంమీద పడేసిన తడి తువ్వాలులోకి వెళ్ళింది, అక్కణ్ణుంచి నేను సొరుగు సర్ది ఆయన చిన్న స్క్రూడ్రైవరు మాయం చేయడంలోకి వెళ్ళింది. చివరికి ఆయన నోట ఇన్నేళ్ళలో రాని మాట వచ్చింది.

"అసలు ఈ బూడిద రంగు ఎవరడిగారు? ఒకే తాను తెస్తావు, ఆరు కుట్టిస్తావు. నేను సోమవారం వేసుకున్నానో శనివారం వేసుకున్నానో నాకే తెలియదు."

"మాపు కనపడదని తెస్తున్నాను."

"మాపేంటి, నేనే కనపడను."

ఆయన అంత మాట అనాలనుకోలేదు, అనేసి కంగారుపడ్డారు. "చినుకులు పడుతున్నాయి, గొడుగేదీ?" అంటూ అటక మీదికి చెయ్యి చాపారు.

చర్రుమంది.

కుడి చంక దగ్గర మొదలై వీపు మీదికి జానెడు చినిగింది. ఆయన చెయ్యి అలాగే పైకి పెట్టుకుని నిలబడిపోయారు, కిందికి దించితే ఇంకెంత చినుగుతుందో అన్నట్టు.

"ఇంకో చొక్కా ఇయ్యి."

ఆదివారం చొక్కాలన్నీ ఒకేసారి నానబెట్టడం నా పద్ధతి. "మిగిలిన అయిదూ బకెట్లో ఉన్నాయండీ," అన్నాను.

"నా టీషర్టు ఇవ్వనా నాన్నా?" అంది మా అమ్మాయి. "పిల్లి బొమ్మ ఉంటుంది. పర్లేదా?"

ఆయన దాని వంక చూసిన చూపుకి మామూలుగా అయితే నేను నవ్వేదాన్నే. కానీ నా కళ్ళు ఆ చినుగు మీదే ఉన్నాయి. మా ఆయన పొడగరి. భుజాలు ముందుకు లాక్కుని, మెడ వంచి నడుస్తారు. షాపులో ఆయన్ని వెనక 'కొక్కెం' అంటారు. ఆ సంగతి నాకు తెలుసని ఆయనకు తెలియదు. వీపు దగ్గర బిర్రుగా ఉండే చొక్కా పొట్ట దగ్గరికొచ్చేసరికి గుడారంలా వేలాడుతుంది. మనిషి తీరే అంత అనుకుని పందొమ్మిదేళ్ళు ఇస్త్రీ చేశాను.

"పదండి, టైలరు మాస్టారి దగ్గరికి. పావుగంటలో కుట్టేస్తారు. అక్కణ్ణుంచి అటే వెళ్ళి చెప్పేద్దురుగాని మీ కాదనేదేదో."

ఒక చెయ్యి పక్కటెముకలకు అతికించుకుని, ఇంకో చేత్తో గొడుగు పట్టుకుని బయలుదేరారు.

మా ఇంట్లో మగవాళ్ళు ఒకసారి కొలతలిచ్చాక మళ్ళీ టైలరు దగ్గరికి వెళ్ళరు. ఇది మా అత్తగారు పెట్టిన పద్ధతి. ఏడాదికి రెండుసార్లు గుడ్డ కొని, అన్నదమ్ములిద్దరికీ చెరో ఆరు చొక్కాలకు చీటీ రాసి ఇవ్వడం, వారం తర్వాత వెళ్ళి తెచ్చుకోవడం. "పాత కొలతలేనా అమ్మా?" అని మాస్టారు అడుగుతారు. "పాత కొలతలే," అని మనం అంటాం. అత్తగారు పోయాక ఆ మాట అనడం నా వంతయింది. పది సెకన్ల పని. ఆ పది సెకన్ల కోసం మగాళ్ళని ఆఫీసు మానిపించి తీసుకురావడం ఎందుకని ఎవరైనా అనుకుంటారు.

మాస్టారి కొట్టు తాళంచెవులు చేసే మనిషికీ రొట్టెల షాపుకీ మధ్య ఉంటుంది. రెండు చేతులూ బారచాపితే గోడలు తగులుతాయి. ఒక మిషను, ఒక బల్ల, నిలువెత్తు అద్దం. పైన అరలో పాత కొలతల పుస్తకాలు గుడ్డలో మూటకట్టి ఉంటాయి. మాస్టారికి డెబ్బై దాటాయి. మెడలో టేపు లేకుండా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

"రండమ్మా," అని, మా ఆయన్ని ఎగాదిగా చూసి, "ఈ బాబు ఎవరు?" అన్నారు.

"మా ఆయనండీ."

"ఓహో, తమ్ముడుగారా!" అన్నారు మాస్టారు సంతోషంగా. పందొమ్మిదేళ్ళుగా తను ఎవరికి చొక్కాలు కుడుతున్నారో ఆ మనిషిని ఆయన ఆనవాలు పట్టలేదు.

చొక్కా విప్పించి, చినుగుని వేళ్ళతో తడిమి చూశారు. ఆయన నుదురు ముడిపడింది.

"ఇది పాతబడి చినగలేదమ్మా. గుడ్డ గట్టిగానే ఉంది, లాగుడుకి చినిగింది. ఏం బరువు ఎత్తారు బాబూ?"

"గొడుగు," అన్నారు మా ఆయన.

"గొడుగుకి చినిగే కుట్టు నాది కాదు. నిలబడండి."

బనీనుతో మా ఆయన నిలబడ్డారు, ఎప్పటిలాగే వంగి. మాస్టారు రెండు బొటనవేళ్ళతో ఆయన భుజాలు పట్టుకుని వెనక్కి నెట్టారు. "ఇలా ఉండండి. ఇప్పుడు మీకు చొక్కా లేదు కదా, వంగడం ఎందుకు?" అని టేపు వేసి, నాకు పెన్సిలిచ్చి, అంకెలు చెప్పడం మొదలుపెట్టారు.

"భుజం పద్దెనిమిదిన్నర. రాయమ్మా. పొట్ట ముప్పై ఏడు. చెయ్యి ఇరవై అయిదు."

తర్వాత మూట దించారు. మా ఇంటి పుస్తకం బయటికొచ్చింది. 'తమ్ముడు' అని రాసిన పేజీ తీసి, నా చీటీ పక్కన పెట్టి, కళ్ళజోడు సర్దుకుని చూశారు. మళ్ళీ చూశారు.

"భుజం పదహారున్నర అని ఉందే."

"అప్పుడు వయసు తక్కువ కదండీ, పెరిగుంటారు," అన్నాను.

"పొట్ట పెరుగుతుందమ్మా. భుజం పెరగదు," అన్నారాయన, నేనేదో ఇంట్లో పెంచి తెచ్చినట్టు. "పొట్టేమో ఇక్కడ ముప్పై తొమ్మిది. దానిమీద నేను రెండంగుళాలు వయసు కలిపాను."

"వయసు కలపడమేంటి?" అన్నారు మా ఆయన.

"నలభై దాటిన ప్రతి మనిషికీ అయిదేళ్ళకో అంగుళం పొట్ట దగ్గర కలుపుతాను బాబూ. చెప్పి కలిపితే బాధపడతారు, అందుకని చెప్పను."

మా ఆయన తన పొట్ట వంక చూసుకున్నారు. అక్కడ కలపడానికి ఏమీ లేదు. "ఆ పుస్తకంలో ఎవరో వేరే మనిషి ఉన్నాడు మాస్టారూ," అన్నారు.

"నా పుస్తకం తప్పదు. యాభై ఏళ్ళ పుస్తకాలివి."

"మరి నేను తప్పా?"

"నా కళ్ళజోడేమైనా మారిందేమో," అన్నారు మాస్టారు, దాన్ని తీసి దీపం వైపు పెట్టి చూస్తూ.

"ఆ అద్దాలు నేను అరగదీసినవే. వాటిలో కూడా తప్పుండదు," అన్నారు మా ఆయన. మామూలుగా నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఆ ఒక్క మాట మాత్రం ఖణీమని అన్నారు.

మాస్టారు పేజీ తిప్పారు. పక్క పేజీమీద 'అన్న' అని ఉంది. ఆయన వేలు అంకె మీదికి వెళ్ళి ఆగింది. నేను వంగి చూశాను.

భుజం పద్దెనిమిదిన్నర. పొట్ట ముప్పై అయిదు. చెయ్యి ఇరవై అయిదు.

మాస్టారు పుస్తకం మూసి బల్లమీద పెట్టారు.

"ఆ రోజు మీరిద్దరూ వచ్చారు," అన్నారు మాస్టారు నెమ్మదిగా. "పెళ్ళి బట్టలకని. ఇద్దరు అన్నదమ్ములొస్తే నేను వరుసలో రాస్తాను. ముందు అన్న, తర్వాత తమ్ముడు. పెద్దవాడు ముందొస్తాడు కదా. ముందు ఎవరొచ్చారు బాబూ?"

మా ఆయన కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకున్నారు. "నేనే. పెళ్ళికొడుకుని కదా, నన్ను ముందు వెళ్ళమన్నాడు. అన్నయ్య స్కూటరుకి తాళం వేస్తున్నాడు. ఆ తాళం ఎప్పుడూ ఇరుక్కునేది."

"నేను అడగలేదు," అన్నారు మాస్టారు.

"నేనూ చెప్పలేదు," అన్నారు మా ఆయన.

నాకు మా పెళ్ళి ఫోటోలు గుర్తొచ్చాయి. అందులో ఈయన భుజాలు ముడుచుకుని నిలబడి ఉంటారు. పెళ్ళికొడుక్కి సిగ్గెక్కువ అని మావాళ్ళంతా మురిసిపోయారు. చొక్కా బిగుతని ఒక్కరికీ తట్టలేదు. ఆ తర్వాత ప్రతి ఫోటోలోనూ వెనక వరస. ప్రతి పెళ్ళిలోనూ గోడవారగా కుర్చీ. చెయ్యెత్తి మాట్లాడరు, ఎవరినీ కౌగిలించుకోరు, బస్సులో పై కమ్మీ పట్టుకోరు. అదంతా స్వభావమనుకున్నాను. ఏడాదికి రెండుసార్లు వెళ్ళి ఆ స్వభావాన్ని నేనే కుట్టించి తెచ్చాను.

"నేనైనా చూసుకోవాల్సింది," అన్నాను.

"నువ్వేం చూస్తావు? లోపలున్నవాణ్ణి నేను," అన్నారాయన. "రెడీమేడ్ ఒకటి కొన్నాను గుర్తుందా? భుజాలు పట్టాలని అన్నిటికన్నా పెద్దది తెచ్చాను. చేతులు మోకాళ్ళ దాకా వచ్చాయి. ఈ ఒంటికి ఏ చొక్కా పట్టదులే అనుకుని ఊరుకున్నాను." అంటూనే ఫక్కున నవ్వారు. ఆ నవ్వు చూసి మాస్టారికి ఊపిరి తిరిగింది.

"బాబూ, ఈ చినుగు నేను కుట్టను," అన్నారు మాస్టారు. "ఈ చొక్కా ఇక మీ ఒంటిమీద చూడలేను." లోపలి అరలోంచి ఒక దొంతర దించి బల్లమీద పరిచారు. కుట్టించుకుని మళ్ళీ రానివాళ్ళ చొక్కాలు, ఏడెనిమిది ఉంటాయి. "మీ భుజానికి సరిపోయేవి ఇవి. పొట్ట దగ్గర అరగంటలో లోపలికి పట్టేస్తాను. ఏది కావాలో తీసుకోండి. నా తప్పుకి ఇది నా తరఫున."

నా చెయ్యి అలవాటుకొద్దీ లేత బూడిద రంగు దానిమీదికి పోయింది.

"అది వద్దు," అన్నారు మా ఆయన.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆయన ఒక్కొక్కటే ఎత్తి, అద్దం ముందు మెడ కింద పట్టుకుని, పక్కన పెట్టడం మొదలుపెట్టారు. అద్దంలోనే చూస్తున్నారు.

"ఈ నిలువు చారలు పనికిరావు. నాది పొడుగు ముఖం, పొడుగు మెడ. దీంతో ఇంకో అడుగు పెరుగుతాను. ఈ కాలరు చివర్లు మరీ కిందికి దిగాయి, గడ్డం జారిపోయినట్టుంటుంది. ఈ తెలుపు మరీ తెలుపు. నా రంగుకి ముందు చొక్కా కనపడుతుంది, తర్వాత నేను. ఇదుగో, ఇది చూడు. కాలరు కొంచెం విచ్చుకుని ఉంది. ముఖానికి వెడల్పు ఇస్తుంది."

ముదురాకుపచ్చ చొక్కా అది. నేనైతే ఆ రంగుని షాపులో చేత్తో కూడా ముట్టుకోను.

"ఇవన్నీ మీకెలా తెలుసు?" అన్నాను.

"వెనక గదికి చిన్న కిటికీ ఉంది కదా. ఇరవై రెండేళ్ళుగా ముందు గదిలోకి వచ్చే ముఖాలు చూస్తున్నాను. ఎవరికి ఏ ఫ్రేము నప్పదో వాళ్ళు పెట్టుకోకముందే తెలుస్తుంది నాకు. గుండ్రటి ముఖానికి గుండ్రటి అద్దాలు అంటగడుతుంటారు. వద్దురా అని నోటిదాకా వస్తుంది. చేతిలో అద్దం తిరుగుతుంటుంది, ఊరుకుంటాను."

"ఆ మాటేగా ముందు గదిలోకొచ్చి చెప్పమంటున్నారు?"

ఆయన చొక్కా మాస్టారి చేతికిచ్చారు.

అరగంట తర్వాత తొడుక్కున్నారు. భుజం కుట్టు భుజం చివరే ఆగింది. వీపు మీద ముడత లేదు. చేతులు పైకెత్తి చూశారు, పక్కకి చాపి చూశారు, వెనక్కి తిప్పారు. ఏమీ చినగలేదు. కిందికి దించాక కూడా భుజాలు ముందుకు రాలేదు, రావడానికి వాటిని లాగేదేమీ లేదు మరి. మాస్టారు సుద్దముక్క చేత్తో పట్టుకుని, గీయాల్సింది ఏమీ లేక అలా నిలబడ్డారు.

మా ఆయన గుండీలు ఒక్కొక్కటే పెట్టుకుంటూ మెడ దాకా వచ్చి ఆగారు. పై గుండీ తీసి చూశారు. పెట్టి చూశారు. మళ్ళీ తీశారు, మళ్ళీ పెట్టారు. అద్దంలోంచే నావైపు చూసి, "ఈ కాలరుకి మూస్తేనే బాగుంది," అన్నారు.

పొద్దున పది నిమిషాలు నేను వాదించిన వాదనంతా అక్కడ ఓడిపోయింది. నిజంగానే మూస్తేనే బాగుంది. "సరే," అన్నాను.

బయట చినుకులు ఆగాయి. రొట్టెల షాపు ఆవిడ మమ్మల్ని చూసి, "ఏం కావాలి సార్?" అంది. మామూలుగా మా ఆయన ఆ కౌంటరు ముందు నిలబడితే, వెనకవాళ్ళు ఇద్దరు ముగ్గురు తీసుకుని వెళ్ళిపోయాక గానీ ఆవిడకి కనపడరు. "ఏమీ వద్దండీ, ఊరికే వెళ్తున్నాం," అన్నారు ఈయన. నాలుగడుగులు వేశాక నాతో, "అడిగింది చూశావా?" అన్నారు.

"చూశాను. షాపాయన దగ్గరికి వెళ్తారా మరి?"

"సాయంత్రం దాకా టైముందిగా. ముందు అన్నం తిందాం. అన్నయ్య ఒంటిగంట దాటితే ఊరుకోడు."

బావగారు బస్సు డిపోలో టైమ్‌కీపరు. ఆదివారం మధ్యాహ్నం రెండు ఇళ్ళవాళ్ళం మేడమీద కలిసి భోంచేస్తాం. ఒంటిగంటకి పళ్ళెం ముందు లేనివాళ్ళు ఆయన లెక్కలో బస్సు తప్పిపోయినవాళ్ళే. మేము వెళ్ళేసరికి అక్కయ్య కూర గిన్నెలు తెచ్చి పెడుతోంది. మా తోడికోడలు ఆవిడ, నేను అక్కయ్యా అంటాను. మా అమ్మాయి అప్పటికే కూచుని ఉంది. తండ్రిని చూసి గ్లాసు కింద పెట్టేసింది.

"పెద్దమ్మా, ఎవరో వచ్చారు మనింటికి!"

అక్కయ్య తిరిగి చూసి, "ఏంటి మరిదీ, పొడుగయ్యావు?" అంది.

"పొడుగవలేదు వదినా. విప్పుకున్నాను."

బావగారు మాత్రం గడియారం చూసి, తమ్ముణ్ణి చూసి, "ఆకుపచ్చేంట్రా? పచ్చజెండాలా ఉన్నావు. కూచో," అన్నారు. ఆయన ఎప్పుడూ ఒక చెయ్యి పొట్టమీద పెట్టుకుని మాట్లాడతారు. పెద్దరికం అలా ఉంటుందనుకునేదాన్ని. ఇవాళ ఆ చెయ్యి కింద ఏముందో చూశాను. గుండీకీ గుండీకీ మధ్య చొక్కా నోరు తెరుచుకుని ఉంది. భుజం కుట్టేమో మోచేతి వైపు జారిపోయి ఉంది.

మా ఆయన వడ్డించుకుంటూనే మాస్టారి పుస్తకం సంగతంతా చెప్పారు. స్కూటరు తాళం దగ్గరికొచ్చేసరికి అక్కయ్య గరిటె కింద పెట్టి నవ్వడం మొదలుపెట్టింది.

"అంటే ఈయన తొడుక్కునేది నీ చొక్కాలా? గుండీలు పట్టడం లేదని ఎనిమిదేళ్ళుగా రాత్రిళ్ళు అన్నం మానేసి, పొద్దున్నే ఆరు మైళ్ళు నడిచి, పక్కనున్న నా ప్రాణం తీస్తున్నారు కదయ్యా!"

"అయితే నేను లావు కాదన్నమాట," అన్నారు బావగారు, అప్పుడే విడుదలైనట్టు.

"లావే పెదనాన్నా. కానీ గుండీలు తెగేంత లావు కాదు," అంది మా అమ్మాయి.

బావగారు మొదటిసారి పొట్టమీది చెయ్యి తీసి, గిన్నె దగ్గరికి లాక్కుని, ఎనిమిదేళ్ళ బాకీ తీర్చుకుంటున్నట్టు రెండోసారి కూర వేసుకున్నారు. అందరం నవ్వుకున్నాం. ఆ నవ్వులోనే మా ఆయన మామూలుగా అన్నట్టు అన్నారు. "అన్నయ్యా, ఆ ముందు గది సంగతి మళ్ళీ ఆలోచిస్తున్నాను. సాయంత్రం వెళ్ళి ఆయనతో మాట్లాడదామనుకుంటున్నా."

బావగారి చెయ్యి గిన్నెమీద ఆగిపోయింది.

"ఆలోచించడానికేం లేదురా. నేను చెప్పేశాను."

"ఏం చెప్పావు?"

"మీ షాపువాడు పొద్దున నడకలో కనపడ్డాడు. తమ్ముడేమన్నాడని అడిగాడు. నువ్వెలాగూ రానంటున్నావు కదా, వాడు రాడు, ఇంకొకరిని చూసుకో అన్నాను. నా ముందే ఎవరికో ఫోను చేశాడు. రేపు తొమ్మిదికి ఆ మనిషి వచ్చి చేరతాడు. మీ షాపువాడేమో పన్నెండు గంటల బండికి పక్క ఊరెళ్ళాడు, రేపు పొద్దున్న గానీ రాడు."

అక్కయ్య నావైపు చూసింది. నేను మా ఆయన వైపు చూడలేక కూర గిన్నె వైపు చూశాను.

"నీ మంచికేరా," అన్నారు బావగారు, గొంతు తగ్గించి. "చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. నలుగుర్లో నిలబడితే నీకు మాట రాదు. అక్కడ ఎవరైనా నిన్ను చూసి నవ్వితే నేను తట్టుకోలేను. అందుకే."

"నాన్నా, ఫోను చెయ్యి ఆయనకి," అంది మా అమ్మాయి.

"ఫోన్లో కాదు," అన్నారు మా ఆయన. "నన్ను చూసి మాట్లాడాలి."

ఈయన పళ్ళెంలోకి చూస్తూ మాట్లాడతారు, అదీ అన్నగారి ముందైతే ఇంకా కిందికి. ఇవాళ నోట్లో ముద్ద పూర్తిగా నమిలి, నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, తల ఎత్తి అన్నగారి కళ్ళలోకి చూశారు.

"అన్నయ్యా, పొద్దున ఆ చొక్కా చినగకపోతే నేనూ అదే మాట చెప్పేసి వచ్చేవాణ్ణి. నీమీద నాకు కోపం లేదు. కానీ రేపు ముందు గదిలో నిలబడేది నేనే. అది తేల్చుకునే మేడ ఎక్కాను."

"అక్కడికి వేరే మనిషి వస్తున్నాడని చెప్తుంటే..."

"తొమ్మిదికి కదా వచ్చేది. షాపు ఎనిమిదిన్నరకి తెరుస్తారు. ఆ అరగంటలో నువ్వు నాతో ఉండాలి. నా తరఫున మాట ఇచ్చింది నువ్వు. దాన్ని వెనక్కి తీసుకోవాల్సింది కూడా నువ్వే. నీ స్నేహితుడి ముందు, నన్ను పక్కన పెట్టుకుని."

అక్కయ్య గరిటె తియ్యలేదు, మా అమ్మాయి నవ్వలేదు. అందరం బావగారి వైపు చూస్తున్నాం.

నేను ఈ ఇంటికొచ్చి పందొమ్మిదేళ్ళయింది. బావగారు ఎవరికిచ్చిన మాటైనా వెనక్కి తీసుకోవడం ఇంతవరకూ చూడలేదు.